సగం గోడ

ఓడకి పందొమ్మిది రోజులు

ఉదయం పోటు, కొలత పలక మీద రెండు మీటర్ల ముప్పై ఒకటి. గాలి ఈశాన్యం. ఎండ ఉంది.

పాత పుస్తకం నిన్నటితో నిండింది. ఇది కొత్తది. బండరేవు దగ్గర సముద్రం ఎత్తు రోజుకి రెండుసార్లు చూసి రాయడం నా పని. ఇరవై ఆరేళ్లుగా రాస్తున్నాను. మొదట్లో నెలకోసారి పై ఆఫీసుకి పంపేవాణ్ణి. ఆఫీసున్న వీధిలోకే సముద్రం వచ్చాక అడిగేవాళ్లు లేరు. రాయడం మాత్రం మానలేదు.

ఈ పుస్తకంలో సముద్రం కాని సంగతులు కూడా రాస్తాను. సాయంత్రం చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేదు. అంతకుమించి కారణం లేదు.

తాగే నీళ్ల కోసం రాత్రి మంచు పట్టే షీటు కడిగి ఆరేశాను. ముప్పావు బిందె నీళ్లు దిగాయి. ఒక్కడికి ఎక్కువే. మిగిలిన నీళ్లు పక్కింటి ఎర్రయ్య వాళ్ల గడపలో పెట్టి వచ్చేది నా భార్య వరహాలు. నేను తొట్టిలో పోశాను.

ఓడకి పదహారు రోజులు

పోటు రెండు ముప్పై మూడు.

ఊరు ఓడ పనుల్లో పడింది. ఓడలో నాలుగు వేల మంది ఉంటారు. నేల మీద ఇల్లు లేని వాళ్లు, అందులోనే పుట్టి పెరిగిన వాళ్లు కూడా. ఏడాదికోసారి మా రేవులో అయిదు గంటలు దిగుతారు. ఇసకలో నడుస్తారు, వలలు పట్టుకు చూస్తారు, ఎండు చేపల వాసన చూసి ముక్కు మూసుకుని నవ్వుతారు. వాళ్ల కోసం పందిళ్లు కడుతున్నారు. చేపలు చాల్లేదు. ముందు వరసలో ఈ ఏటివి, వెనక వరసల్లో పోయినేటి తలకాయలు వేలాడదీశారు. చిరగని వలలు ముందేసుకుని కుట్టడానికి ఆరుగురిని ఎంచారు.

మాకు దక్కేది ఒక్కటే. ఆ అయిదు గంటలూ ఓడలోని ఆసుపత్రి మాది. రోడ్డు రెండు చోట్ల నీళ్లలో కలిశాక మాకు వేరే ఆసుపత్రి లేదు. ఊళ్లో జబ్బులన్నీ ఆ పూట కోసం ఏడాదిపాటు కాచుకుంటాయి.

రేవు పెద్ద కన్నారావు వచ్చాడు. చేపల గురించి మాట్లాడాడు, గాలి గురించి మాట్లాడాడు. వెళ్లబోతూ గోడ వైపు చూశాడు.

ఆ గోడ గురించి రాయాలి. మా ఇల్లూ ఎర్రయ్య ఇల్లూ ఒకే గోడకి ఆనుకున్నాయి. సముద్రం వైపు ఉన్న పొడుగాటి గోడ. ఉత్తరం సగం మాది, దక్షిణం సగం వాళ్లది, నడుమ హద్దు గీత; లోపల ఇళ్ల మధ్య అడ్డుగోడ. వెనక మెట్ట మీద ఎర్ర రంగు నీళ్ల ట్యాంకు ఉంది. సముద్రంలోంచి చూసినప్పుడు తెల్ల గోడ నడిమధ్యకి సరిగ్గా పైన ట్యాంకు నిలబడితే దారి ఉన్నట్టు. ఒక్క బారెడు పక్కకి జరిగితే కింద బండలు. మా తాతలు పడవలు ఇలాగే తెచ్చేవారు. ఆకాశంలోని ఉపగ్రహాలు మూగబోయాక ఓడలు కూడా ఇలాగే వస్తున్నాయి. రేడియోలో పిలిస్తే రావు. దక్షిణాన ఎవరో రేడియోలో దొంగ దారి చెప్పి ఒక ఓడని బండల మీదికెక్కించి దోచారు. అప్పటినుంచి ఓడలు మాట వినవు. చూస్తాయి. చూసేది మనిషి కాదు, యంత్రం కన్ను. దాని దగ్గర ఉన్న బొమ్మలో గోడ ఎంత పొడుగుందో అంత పొడుగూ తెల్లగా కనబడాలి. లేకపోతే ఓడ మధ్యాహ్నం దాకా ఆగి తిరిగిపోతుంది.

“సంవత్సరీకం ఎప్పుడు మాస్టారూ?” అన్నాడు కన్నారావు.

ఓడ వెళ్లిన తొమ్మిదో రోజున అన్నాను.

మనిషి పోయిన ఇంటికి ఏడాది తిరిగేదాకా సున్నం వేయరు. పోయినవాళ్లు ఏడాదిపాటు వచ్చి చూసుకుంటారనీ, గోడని బట్టే ఇల్లు గుర్తుపడతారనీ ఇక్కడి నమ్మకం. మైలింటి గోడ మీద పరాయి చెయ్యి పడకూడదు. వేస్తే ఆ ఇంటివాళ్లే వేయాలి, వేయకపోతే ఎవరూ అడగకూడదు. కన్నారావు అడగలేదు.

“ఓడకీ గోడే కావాలి, పోయినోళ్లకీ గోడే కావాలి,” అంటూ చెప్పులేసుకున్నాడు.

ఓడకి పదమూడు రోజులు

పోటు రెండు ఇరవై తొమ్మిది. మబ్బు.

అడ్డుగోడ అవతల దేముడమ్మ గొంతు వినబడింది. ఊరి మంత్రసాని. ఎర్రయ్య కోడలు పైడమ్మకి ఎనిమిదో నెల నడుస్తోంది. బిడ్డ అడ్డంగా ఉందట. దేముడమ్మ నూనె రాసి రెండు గంటలు తిప్పి చూసింది. పైడమ్మ అరవలేదు. పళ్లు బిగబట్టి ఊపిరి తీయడం మాత్రం వినబడింది.

చివరికి దేముడమ్మ అంది: “నా సేతిలో నేదు. ఓడ డాక్టర్లు కోసి తియ్యాల. ఓడ వొచ్చిందా, ఇద్దరూ ఉంటారు. నేదా, మరి అమ్మోరే సూసుకోవాల.”

ఎర్రయ్య దగ్గాడు. నేనూ ఆయనా మాట్లాడుకుని ఏడాది కావస్తోంది.

ఓడకి పన్నెండు రోజులు

పోటు రెండు ఇరవై ఎనిమిది.

పోయినేటి సంగతి ఒకసారి రాసి వదిలేస్తాను.

వరహాలుకి గుండెలో వాల్వు పాడైంది. అంతకు ముందేడు ఓడ డాక్టర్లు చూసి, కొలతలు తీసుకుని, వచ్చే ఏటికి వాల్వు తయారుచేసి తెస్తామన్నారు. మాట తప్పేవాళ్లు కాదు. తెచ్చే ఉంటారు.

ఓడకి నాలుగు నెలల ముందు ఎర్రయ్య తమ్ముడు వేటకి పోయి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. ఎర్రయ్య తన సగం గోడకి సున్నం వేయలేదు. మా సగం వేశాం. పైన నేను వేశాను, కింద స్టూలు మీద కూర్చుని వరహాలు వేసింది. సగం చాలదా అని ఊరంతా అనుకున్నాం. అంతకు ముందెప్పుడూ సగం గోడతో ఓడని పిలిచి చూసిన వాళ్లు లేరు.

ఓడ ఉదయం ఆరుంబావుకి కనబడింది. దూరంగా నిలబడింది. జెండాలు ఊపాం, పడవలు పంపాం. దరికి రానివ్వలేదు. పన్నెండింటికి తిరిగింది. వరహాలు వాల్వు అందులో ఉంది.

రేవులో అందరి ముందూ ఎర్రయ్యతో ఒక మాట అన్నాను. “నీ తమ్ముడు తను పోయిందే కాకుండా నా మనిషిని కూడా తీసుకుపోతున్నాడు,” అని. ఆయన తల దించుకున్నాడు.

తొమ్మిదో రోజు వరహాలు పోయింది.

ఓడకి ఎనిమిది రోజులు

పోటు రెండు ముప్పై నాలుగు. అమావాస్య దగ్గర పడింది.

ఎర్రయ్య తన సగానికి సున్నం వేశాడు. గుల్ల సున్నం. గంజి, నీలిమందు కలిపి రెండు పూతలు. పక్కన మా సగం మాసిన పంచెలా ఉంది. మనుషులు ఇటుగా వెళ్తూ ఒక క్షణం ఆగి చూస్తున్నారు. నేను కనబడితే సముద్రం వైపు తిరుగుతున్నారు.

షీటు మీద పక్షి రెట్ట. కడిగాను. అర బిందె.

ఓడకి ఆరు రోజులు

పోటు రెండు నలభై.

సాయంత్రం గోడ దగ్గర కూర్చున్నాను.

నేను పలక చూసి పుస్తకంలో రాస్తే, వరహాలు చూరు కింద గోడ మీద పెన్సిలుతో రాసేది. తారీఖు, పోటు, పక్కన తోచింది ఏదైనా ఒక ముక్క. నా పలక కన్నా తన కన్నే నయమని వాదించేది. రెండు వేళ్ల తేడా వస్తే నాదే తప్పనేది. ఏటా సున్నం వేసి తన రాత తనే చెరిపేసేది. చెరిపే ముందు నేను పుస్తకంలోకి ఎక్కించుకునేవాణ్ణి.

చివరిసారి సున్నం వేసింది మొదలు పోయేదాకా ఇరవై తొమ్మిది వరసలున్నాయి. ఇవి ఎక్కించలేదు. ఏడాదిగా వాటి ముందు కుర్చీ వేసుకుంటున్నాను, పుస్తకం తేవడం లేదు. వరసలు కిందికి దిగుతూ వచ్చాయి. మొదటివి నిలబడి రాసింది. తర్వాతవి స్టూలు మీద కూర్చుని. ఆఖరి వారం నేల మీద కూర్చుని.

నేను డిగ్రీ చదివాను. పోయినవాళ్లు గోడ వెతుక్కుంటూ వస్తారని నమ్మను. కాబట్టి నేను సున్నం వేయకపోవడానికి మైల కారణం కాదు. ఈ రాత ఒక కారణం. రెండో కారణం రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. నా ఇంటికి చేయనిది వాళ్ల ఇంటికి ఎందుకు చేయాలి అని.

ఓడకి నాలుగు రోజులు

పోటు రెండు నలభై రెండు. గాలి మారింది. తూర్పు నుంచి తేమ.

మధ్యాహ్నం పైడమ్మ వచ్చింది. ఆమె మొగుడు దక్షిణాన ఉప్పు మడుల్లో పనిలో ఉన్నాడు, వానల దాకా రాడు. గుమ్మం పట్టుకుని నిలబడింది. కూర్చోమన్నాను. కూర్చుంటే లేవలేనంది.

“మావయ్యా, నా కోసం రానేదు నాను. నువ్వు ఎయ్యకపోతే ఎయ్యకు. ఆ ముసలోడితో ఒక మాట మాటాడు. ఏడాదినుంచి అడ్డుగోడకి సెవి ఆనించి నీ దగ్గులు లెక్కెడతన్నాడు.”

గోడకి సున్నం వేయని మనిషి చెవి ఎందుకు ఆనించాలి అన్నాను. అనకుండా ఉండాల్సింది.

పైడమ్మ అప్పుడు చెప్పింది. పోయినేడు ఓడకి పది రోజుల ముందు ఎర్రయ్య సున్నం తడిపాడట. తమ్ముడి మైల పక్కన పెట్టి, అక్కలా చూసుకుని అప్ప అని పిలిచే వరహాలు కోసం. గాలికి సున్నం వాసన గోడ ఇవతలికి వచ్చింది. నేను పలక దగ్గర ఉన్నాను. వరహాలు గోడ పట్టుకుని నడుచుకుంటూ అటు వెళ్లింది.

“అత్త కుండ మీద మూత పెట్టీసింది. ‘ఆడు నీటిలో పోయినోడు ఎర్రయ్యా, మట్టి కూడా దక్కనేదు. ఆడికి మిగిలింది ఈ గోడొక్కటే. నా గుండికాయ కోసం ఆడ్ని తరిమీకు. నా సగం తెల్లగా ఏసీసేను, సాల్తాది’ అంది. నానక్కడే బియ్యం ఏరతన్నాను.”

ఎర్రయ్య ఇదంతా నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నానూ అడిగేను. ‘బావ నన్ను తిట్టుకుంటే బతుకుతాడు. అప్పని తిట్టుకోవలసొస్తే బతకడు’ అన్నాడు. నీకు సెప్తే ఇంట్లోంచి గెంటేస్తానన్నాడు. గెంటీమను. ఈ కడుపు ముందు ఎల్తాది, ఎనకాల నానెల్తాను.”

నవ్వింది. వెళ్లేటప్పుడు నీళ్ల బిందె ఇచ్చాను. మోయలేదని గుర్తొచ్చి నేనే పట్టుకెళ్లి వాళ్ల గడపలో పెట్టాను. ఎర్రయ్య లోపల ఉన్నాడు. బయటికి రాలేదు.

ఓడకి మూడు రోజులు

పోటు రెండు నలభై ఒకటి. ముసురు పట్టేలా ఉంది.

తెల్లారగానే పుస్తకం తెచ్చి ఇరవై తొమ్మిది వరసలూ ఎక్కించాను. అన్నీ ఇక్కడ రాయను, వెనక పేజీల్లో ఉన్నాయి. కొన్ని:

“2.30. మాస్టారు 2.28 అంటారు. కళ్లజోడు మార్చాలి.”

“2.26. గాలి బాగుంది. రెండుసార్లు ఆగి గోడ చివరిదాకా నడిచాను.”

“6.15 కనబడింది. 12 తిరిగింది. పోటు చూడలేదు.”

ఆ తర్వాత తొమ్మిది వరసలు. అంకెలే. ఆఖరుది నేలకి జానెడు ఎత్తులో ఉంది. 2.33. ఆ రోజు నా పుస్తకంలో కూడా 2.33 ఉంది.

ఏ వరసలోనూ ఎర్రయ్య పేరు లేదు, సున్నం మాట లేదు. నాకూ చెప్పలేదు. సగం చాలుతుందనుకుంది. చాలలేదని తెలిశాక కూడా చెప్పలేదు. నేను రేవులో ఆ మాట అన్నప్పుడు నా పక్కనే నిలబడి ఉంది.

గోడ అవతలికి వెళ్లాను. ఎర్రయ్య వాకిట్లో తాడు పేనుతున్నాడు. ఏడాదిలో బాగా ముసలివాడయ్యాడు. సున్నం మిగిలిందా అని అడిగాను.

“కుండెడుంది,” అన్నాడు. “ఏడాది నిండనేదు కద బావా. ఇంకా పన్నెండు రోజులు. అప్పకి...”

“ఆమె మీద కోపంగా ఉంది. కోపం ఉండగానే వేసేస్తాను. తగ్గితే చేతకాదు.”

పైడమ్మ చెప్పేసిందని అతనికి అర్థమైంది. తాడు కింద పెట్టాడు. కుండ తెచ్చి మా సగం దాకా మోశాడు, గీత దాటకుండా అక్కడే దించి నిలబడ్డాడు. మైలింటి గోడ. నేను కుంచె ముంచాను.

సాయంత్రానికి మొదటి పూత అయింది. చీకటి పడుతుండగా చినుకులు.

ఓడకి రెండు రోజులు

పోటు రెండు ముప్పై తొమ్మిది. రోజంతా తుంపర.

ఇది వానల కాలం కాదు. ఇప్పుడు ఏ కాలమూ కాలం కాదు. చూరుకి పాత తెరచాపలు కట్టి గోడ మీద తడి పడకుండా ఆపాం. రెండో పూత వేశాను. తడి సున్నం తెల్లగా ఉండదు. పలచటి గంజిలా ఉంటుంది, కిందిదంతా కనబడుతుంది. ఆరేకొద్దీ తెలుపు తేలుతుంది. ఈ గాలిలో ఆరడం లేదు. పెన్సిలు రాత సున్నం కిందనుంచి, వేయకముందు కన్నా స్పష్టంగా కనబడుతోంది.

ఓడకి ఒక రోజు

పోటు రెండు ముప్పై ఏడు. తుంపర మధ్యాహ్నం తగ్గింది. మబ్బు అలాగే ఉంది.

పైడమ్మకి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ముందే వచ్చాయి. రేపటిదాకా ఆపుతానని దేముడమ్మ అంది. ఎలాగని ఎవరూ అడగలేదు.

గోడ ముందు మంట పెడదామన్నారు. మసి పడుతుందని కన్నారావు వద్దన్నాడు. బొగ్గుల కుంపట్లు పెట్టమన్నాడు. ఊళ్లో ఉన్న కుంపట్లన్నీ వచ్చాయి, ముప్పై రెండు. బొగ్గు చాల్లేదు. ఓడ వాళ్ల కోసం కట్టిన పందిళ్లు విప్పి వెదుళ్లు కాల్చి బొగ్గు చేశారు. వెనక వరస తలకాయలు ఇసకలో కుప్ప పోశారు. “ఓడోళ్లకి సూపడానికి ఇంక మన మొహాలే మిగిలేయి,” అన్నాడు వల కుట్టడానికి ఎంచిన ముసలాయన.

కుంపట్లు మాత్రం గీత దాటి మా సగం వైపు నేనే మోయాలి. మోస్తున్నాను. ఎర్రయ్య గీత దాకా అందిస్తున్నాడు.

ఓడ రోజు

ఉదయం పోటు రెండు ముప్పై ఆరు. ఆరుకి మబ్బు విడిపోవడం మొదలైంది.

ఆరూ ఇరవైకి ఓడ కనబడింది. పోయినేడు నిలబడ్డ చోటే నిలబడింది. ఎర్రయ్య సగం తెల్లగా ఉంది. మా సగం బూడిద రంగు.

ఏడున్నరకి ఎండ గోడ మీదికొచ్చింది. చూరు కింద పైనుంచి తెలుపు దిగడం మొదలైంది. వరహాలు నిలబడి రాసిన వరసలు ముందు పోయాయి. ఎనిమిదింటికి ఒక మూల తెల్లబడితే ఇంకో మూల తడిగా ఉంది. లోపల పైడమ్మ అరుస్తోంది. ఇప్పుడు ఆపుకోవడం లేదు. తొమ్మిదికి స్టూలు ఎత్తు దాకా తెలుపు వచ్చింది. ఓడ కదల్లేదు.

నేను సముద్రం వైపు చూడలేదు. గోడనే చూస్తున్నాను. పదింటికి నేల దగ్గరి రెండు జానలే మిగిలాయి. ఆ వరసలు ఒక్కొక్కటే పలచబడ్డాయి. ముందు తారీఖులు, తర్వాత పోటు అంకెలు. ఆఖరుకి 2.33 ఉంది. చాలాసేపు ఉంది. నేను వంగి చెయ్యి పెట్టి ఆపాలనుకున్నాను. పెట్టలేదు. ఒకసారి కన్ను మూసి తెరిచేసరికి అక్కడ గోడే ఉంది.

వెనకనుంచి కేక వినబడింది. తిరిగి చూశాను. ఓడ ముక్కు ఇటు తిరిగింది. పది నలభై.

సాయంత్రం

అన్నీ వరసగా రాస్తాను.

పైడమ్మని తలుపు చెక్క మీద పడుకోబెట్టి మొదటి పడవలో తీసుకెళ్లాం. ఒక చివర ఎర్రయ్య, ఒక చివర నేను. ఓడ వాళ్లు లోపలికి తీసుకున్నారు. గంటన్నర. ఆడపిల్ల. బిడ్డ మెడకి పేగు చుట్టుకుందట, ఇంకో పూట గడిస్తే ఇద్దరూ దక్కేవారు కాదట. పైడమ్మకి రక్తం చాలా పోయింది. బతుకుతుందన్నారు.

మేం బయట బల్ల మీద కూర్చున్నాం. ఆసుపత్రి గోడలో ఉన్న యంత్రం పోయినేటి జాబితా ప్రకారం పేర్లు పిలుస్తోంది. తెలుగు శుభ్రంగా మాట్లాడుతుంది.

“శ్రీమతి వరహాలు గారు. దయచేసి లోపలికి రండి.”

ఎర్రయ్య నా వైపు చూశాడు. మళ్లీ పిలిచింది. మూడోసారి పిలిచేలోపు నేను లేచి వెళ్లాను.

కౌంటరులో ఒక నర్సు ఉంది. చిన్న వయసు. ఓడలోనే పుట్టి ఉండాలి, నిలబడ్డప్పుడు కొంచెం ఊగుతోంది. అరలోంచి అరచెయ్యంత డబ్బా తీసి ముందు పెట్టింది. పైన వరహాలు పేరు, ఊరి పేరు. తప్పు లేకుండా రాశారు.

“ఆవిడ రాలేదా?” అంది.

“లేదు.”

“వచ్చే సంవత్సరానికి ఉంచమంటారా?”

వద్దన్నాను. ఇంకెవరికైనా సరిపోతుందా అని అడిగాను. ఆమె కొలతలకే చేసిందనీ, వేరే వాళ్లకి పట్టదనీ చెప్పింది. డబ్బా వెనక్కి తీసుకుంది. జాబితాలో ఏదో నొక్కింది. తర్వాతి పేరు పిలిచారు.

తిరిగొచ్చి కూర్చున్నాను. “కోపం తగ్గిందా బావా?” అన్నాడు ఎర్రయ్య.

“ఎవరి మీద?”

లోపల బిడ్డ ఏడుస్తోంది.

ఓడ వాళ్లు గోడ ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారట. ఒకావిడ చెయ్యి పెట్టి చూసి, అరచేతికి సున్నం అంటితే సంబరపడిందట. పందిళ్లు లేవేమని ఎవరూ అడగలేదట. నాలుగింటికి ఓడ వెళ్లిపోయింది.

ఇంకా తొమ్మిది రోజులున్నాయి సంవత్సరీకానికి. ఆమె వస్తే గుర్తుపట్టదు. రాదని నాకు తెలుసు. అయినా చీకటి పడే ముందు స్టూలు తీసుకెళ్లి గోడ దగ్గర ఎప్పుడూ ఉండే చోటే వేశాను. పెన్సిలు చెక్కాను. సున్నం ఇంకా మెత్తగా ఉంది, గీస్తే పొడి రాలుతోంది.

ఈ సాయంత్రం పోటు ఈ పుస్తకంలో రాయడం లేదు. గోడ మీద రాశాను.